అసలు కొనేది మీరేనా?

అక్టోబర్ 5, శనివారం

ఈ వారం నుంచి నన్ను తుపాకుల కౌంటర్‌కు మార్చారు. ఇన్నాళ్ళూ దాణా బస్తాలు, గాలాలు, రబ్బరు బూట్లు అమ్మాను. రెండేళ్ళు కాలేజీలో చదివినందుకు షాపు యజమాని ఆర్విల్ గారు నా పేరే మార్చేశారు. కెండ్రా అని పిలవరు. "ఏమ్మా కాలేజీ" అంటారు. ఫారాల్లో తప్పులు పట్టడానికి ఇంతకంటే మంచి కళ్ళు ఈ లోయలో లేవట.

ఫారం కొనేవాళ్ళే తమ చేత్తో నింపాలి. నేను దాన్ని డ్రైవింగ్ లైసెన్సుతో పోల్చి చూసి, వివరాలు కంప్యూటర్‌లో ప్రభుత్వానికి పంపాలి, వాళ్ళు పాత కేసులు చూస్తారు. అవతలి నుంచి ఒక్క మాట వస్తుంది. ప్రొసీడ్ అంటే తుపాకీ ఇవ్వచ్చు. డినైడ్ అంటే కూడదు. డిలేడ్ అంటే ఆగాలి.

అందరూ తప్పు చేసేది కౌంటీ గడిలో, అంటే జిల్లా పేరు రాయాల్సిన చోట. కౌంటీ అన్నదాన్ని కంట్రీ అని చదివేసుకుని యూఎస్ఏ అని రాసేస్తారు. ఇవాళ ఒకాయన రాసి, పక్కన చిన్న జెండా కూడా గీశాడు. కొట్టేసి మళ్ళీ రాయమంటే దేశాన్ని కొట్టేయమంటావా అని నా మీదికి లేచాడు. ఆర్విల్ గారు వెనక నుంచి, "దేశం ఎక్కడికీ పోదు బాబూ, మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందో రాయి" అన్నారు.

ఇవన్నీ చిన్న తప్పులు. పెద్దది వేరే. "అసలు కొనేది మీరేనా?" అని ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. ఒకరి కోసం ఇంకొకరు తమ పేరు మీద కొనడం నేరం. దాని గుర్తులు ఆర్విల్ గారు చెప్పారు, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒకరు ఎంచుతారు, వేరొకరు సంతకం పెడతారు. సంతకం పెట్టేవాళ్ళకు తాము కొంటున్నదేమిటో తెలియదు. ప్రతిదానికీ పక్కవాళ్ళ ముఖం చూస్తారు.

అక్టోబర్ 7, సోమవారం

గుర్తులు రాసుకున్న దగ్గర నుంచి కౌంటర్ అవతల ప్రతివాళ్ళూ దొంగల్లాగే కనిపిస్తున్నారు. ఇవాళ ఒక పెద్దాయన భార్యకు పుట్టినరోజు కానుకగా రివాల్వర్ కొంటానన్నాడు. పుట్టినరోజు ఎప్పుడని అడిగాను. తడబడ్డాడు. పెళ్ళయి ఎన్నేళ్ళని అడిగాను. ఇంకా తడబడ్డాడు. ఆర్విల్ గారు నన్ను పక్కకు పిలిచి, "తారీఖులు గుర్తున్న మొగుణ్ణి ఒక్కణ్ణి చూపించు, వాణ్ణి అనుమానించు" అని కోప్పడ్డారు. సొంత డబ్బుతో కొని కానుకిస్తే నేరం కాదట. ఇంకొకరి డబ్బుతో, వాళ్ళ బదులు కొంటేనే నేరం. సన్నటి తేడా. నాకు సన్నటి తేడాలంటే ఇష్టం.

అక్టోబర్ 8, మంగళవారం

పట్టుకున్నాను!

మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. ఆమెకు నలభై దాటి ఉంటాయి. అతను కాస్త చిన్నవాడు. మాటలన్నీ అతనివే. ఏది తేలిక, ఏది పేలినప్పుడు వెనక్కి తక్కువ తన్నుతుంది, అన్నీ అతనే అడిగాడు. కానీ చేతులు జేబుల్లోంచి తీయలేదు, గెడ్డంతో చూపించాడు. పిస్టల్ చేతికివ్వబోతే నిప్పు చూసినట్టు వెనక్కి జరిగాడు. వేలిముద్రలు పడతాయని భయమా?

ఫారం ఆమె ముందు పెట్టాను. పేరు తనే రాసింది, చాలా నిదానంగా. అడ్రసు లైసెన్సు చూసి ఒక్కో అక్షరమే దించింది. సొంత ఇంటి అడ్రసు గుర్తుండదా ఎవరికైనా? తర్వాత ప్రతి గడి దగ్గరా అతని ముఖం చూడడం, అతను భుజం మీదుగా వంగి ఏదో గొణగడం, అప్పుడు టిక్కు పెట్టడం. కౌంటీ గడి ఖాళీ. "అసలు కొనేది మీరేనా" దగ్గర అతను "అవునని పెట్టు" అన్నాడు. నా చెవులతో విన్నాను.

ఫారం లాక్కుని, అమ్మబోమని చెప్పాను. ఎందుకన్నాడు. చెప్పనక్కర్లేదన్నాను. నిజంగానే చెప్పనక్కర్లేదు, షాపువాళ్ళు ఎవరికైనా కాదనొచ్చు. "సరదాకి కాదు తల్లీ, తనకి అవసరం, ఇంట్లో ఒంటరిగా..." అంటూ ఏదో మొదలుపెట్టాడు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. "పద లానీ. ఈ పిల్లకి మనం ఆనలేదు" అంది. ఆమె నోరు విప్పింది అప్పుడొక్కసారే.

పేరు ట్వైలా నోబుల్. ఫారం నా సొరుగులో ఉంది.

అక్టోబర్ 9, బుధవారం

ఆర్విల్ గారు మెచ్చుకున్నారు. తన ఆపిల్-పై మిఠాయిలో సగం కోసి ఇచ్చారు. ఆ ఉత్సాహంలో ఇంకో రెండు షాపులకు ఫోన్ చేశాను. హైవే మీది షాపు గస్‌ది. ట్వైలా నోబుల్ అనే ఆవిడ రావచ్చు, పక్కన లానీ అనేవాడు ఉంటాడు, జాగ్రత్త అన్నాను. "నోబులా? మన డెంటన్ పెళ్ళామా? దానికి తుపాకీ ఎందుకట?" అన్నాడు గస్. డెంటన్ ఎవరో నాకు తెలియదు. అయ్యుండొచ్చు అన్నాను.

అక్టోబర్ 10, గురువారం

ఇద్దరూ గస్ దగ్గరికి వెళ్ళారట. గుమ్మంలోనే వెనక్కి పంపేశాడట. నేను చెప్పలేదూ!

అక్టోబర్ 12, శనివారం

మందుల షాపులో ఆమెను చూశాను. ఒక్కతే ఉంది. వరుసలో ఆమె వెనక ఇద్దరి తర్వాత నేను. మందు సీసా కౌంటర్ మీద పెట్టి, కళ్ళజోడు మరిచిపోయాను, రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలో కాస్త చెప్పమ్మా అని అడిగింది. తర్వాత బయట పార్కింగ్‌లో, దూరంగా ఆగి ఉన్న ట్రక్కులోంచి లానీ చెయ్యి ఊపితే వెంటనే గుర్తుపట్టి నడిచి వెళ్ళింది. కళ్ళకు ఏ లోపమూ లేదు. మరి ఎందుకు అబద్ధం? ట్రక్కు నంబరు రాసుకున్నాను.

అక్టోబర్ 13, ఆదివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

భోజనాల దగ్గర ఆ కథంతా మళ్ళీ చెప్పాను, మూడోసారి. ఆమె ఎలా చూసిందో, అతను ఎలా గొణిగాడో నటించి మరీ చూపించాను. కళ్ళజోడు సంగతి కొత్తగా కలిపాను. అమ్మ నవ్వలేదు. నాన్న మొక్కజొన్న రొట్టె పళ్ళెంలో పెట్టేసి, చేతులు తుడుచుకున్నాడు. బ్యాంకులో కాగితం ముందు పెడితే నేను మీ అమ్మ ముఖం ఎలా చూస్తానో ఎప్పుడైనా చూశావా అని అడిగాడు.

అమ్మ వైపు చూశాను.

"ఆవిడకి చదువు రాదే పిచ్చిదానా" అన్నాడు.

మూడో క్లాసు నుంచి నాన్న ఫారాలు నేనే నింపుతున్నాను. బొగ్గు లారీ లైసెన్సు, నడుం నొప్పికి పరిహారం, ఆస్పత్రి కాగితాలు. ఆస్పత్రిలో నాన్న కూడా కళ్ళజోడు మరిచిపోయానంటాడు. నాన్నకు కళ్ళజోడే లేదు.

అక్టోబర్ 14, సోమవారం

ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉన్న సూచనలన్నీ చదివాను. ఇంతవరకూ పూర్తిగా చదవనేలేదు. కొనేవాళ్ళకు చదవడం, రాయడం రాకపోతే వాళ్ళు చెప్పిన జవాబులు వేరేవాళ్ళు రాయవచ్చు. అమ్మేవాళ్ళు మాత్రం రాయకూడదు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. అంతే!

ఆర్విల్ గారికి చూపించాను. ముప్పై ఏళ్ళలో ఒకే ఒక్కసారి అలా జరిగిందట. "కౌంటర్ దగ్గర నిలబడి, పదిమంది ముందు నాకు అక్షరం ముక్క రాదని ఎవరంటారమ్మా? దానికంటే తుపాకీ లేకుండానే పోతారు" అన్నారు. తర్వాత, కాగితం మీది హక్కు కౌంటర్ దాకా వస్తుంది, అక్కణ్ణుంచి నీ చూపు మీద ఆధారపడుతుంది అన్నారు. నన్ను తిట్టడానికి అన్నారో లేదో తెలియదు.

అక్టోబర్ 17, గురువారం

ఫారంలోని అడ్రసు చూసుకుని ట్వైలా ఇంటికి వెళ్ళాను. అలా చూడకూడదని తెలుసు. ఏరు దాటాక, మట్టి రోడ్డు చివర లారీ పెట్టెలాంటి ట్రెయిలర్ ఇల్లు. పక్కన ఇంకో ఇల్లు లేదు.

దోమల జాలీ తలుపు తీయకుండానే మాట్లాడింది. "ఓ, చదువుల తల్లివా. ఏం, ఈసారి మా ఇంట్లో కూడా కాదనడానికొచ్చావా?" అంది. సూచనల కాగితం చూపించి, సాక్షుల సంగతి చెప్పాను.  నాకు చదువు రాదని నీకు ఎవరు చెప్పారు అని అడిగింది. ఎవరూ చెప్పలేదు, మా నాన్నా అంతే అన్నాను. అప్పుడు తలుపు తీసింది.

లానీ ఆమె తమ్ముడు. రాగి తీగల దొంగతనంలో రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. శిక్ష పడ్డవాడు తుపాకీ ముట్టుకోకూడదు. జేబుల్లో చేతులు అందుకే.

భర్త డెంటన్. ఏప్రిల్‌లో ఇంట్లోంచి పంపేసింది. వారానికోసారి వస్తాడట. లోపలికి రాడు, తిట్టడు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పోయిన వారం కుక్క కనిపించలేదు. దాని మెడపట్టీ మెట్టు మీద పెట్టి ఉంది. అతను ఇంటి దగ్గరికి రాకూడదని ఆర్డరు కోసం కోర్టుకు వెళ్ళారా అని అడిగాను. వెళ్ళిందట. అక్కడివాళ్ళు, జరిగిందంతా మీ మాటల్లో రాయండి అని ఒక ఫారం ఇచ్చారట. అది మడిచి, సంచిలో పెట్టుకుని వచ్చేసింది. ఇంకా ఉంది, చూపించింది. తెల్లగా.

"మిగతా రెండు షాపుల్లోనూ నేను నోరు తెరవకముందే పొమ్మన్నారు. ఎవరో ఫోన్ చేశారంట. ఎవరై ఉంటారంటావ్?" అని నా కళ్ళలోకి చూసింది.

తెలియదన్నాను.

తిరిగి వస్తూ దారిలో మళ్ళీ అనుమానం. కుక్క తనే పారిపోయి ఉండొచ్చు కదా. తుపాకీ ఆ ఇంట్లో ఉంటే లానీ ముట్టుకోడని నమ్మకమేమిటి? నేను ఇలా తయారయ్యాను.

అక్టోబర్ 20, ఆదివారం

ఇవాళ ట్వైలా వాళ్ళ చర్చికి నేనూ వెళ్ళాను. ప్రార్థన అయ్యాక ట్వైలా ముగ్గురు ఆడవాళ్ళను చర్చి వెనక్కి పిలిచి చెప్పింది, తనకు చదువు రాదని. ఇరవై ఏళ్ళుగా ఆమె పాటల పుస్తకం తెరిచి పట్టుకుని వాళ్ళ పక్కనే పాడుతోంది. పాటలన్నీ విని నేర్చుకున్నవట. ఒకావిడ ఏడ్చింది. ట్వైలాకు ఒళ్ళు మండింది. "ఏడవడానికి పిలవలేదు, సంతకం పెట్టడానికి పిలిచాను" అంది.

అక్టోబర్ 21, సోమవారం

నలుగురూ వచ్చారు. ఒకావిడ చదివి, ట్వైలా జవాబు చెప్పాక రాసింది. మిగతా ఇద్దరూ సాక్షులు. నేను రెండడుగులు వెనక నిలబడ్డాను. "అసలు కొనేది మీరేనా" అని చదివినప్పుడు, "నేను కాక మీ తాతా?" అంది ట్వైలా. అందరూ నవ్వారు. కౌంటీ గడి కూడా సరిగ్గా నింపారు.

పంపాను. డిలేడ్.

కింద ఒక తేదీ ఉంది, 25. ఆ రోజుకు కూడా జవాబు రాకపోతే ఇవ్వచ్చు, మానవచ్చు, షాపు ఇష్టం. ఆర్విల్ గారు మాత్రం ముప్పై ఏళ్ళలో జవాబు రాకుండా ఎవరికీ ఇవ్వలేదు. మంచి ఇంటి తాళం కొనుక్కోమని ఆమెకు చెప్పారు. తాళాలు మీ షాపులో ఏ వరుసలో ఉన్నాయి అని అడిగింది.

అక్టోబర్ 23, బుధవారం, ఉదయం 11:20

ఆర్విల్ గారు పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. షాపులో నేనొక్కదాన్నే. చెప్పుకోవడానికి ఎవరూ లేరు, అందుకే రాస్తున్నాను.

ఇప్పుడే ఒకతను వచ్చి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా, శుభ్రంగా గీసుకున్న గెడ్డం. కాలేజీ చదివిన అమ్మాయివి నువ్వేనా అని నవ్వుతూ అడిగాడు. అవునన్నాను. "థాంక్స్ చెప్దామని వచ్చానమ్మా. మా ఆవిడ తుపాకీ కొనబోతోందని గస్‌కి ఫోన్ చేశావటగా. వాడు నాకు చెప్పాడు. లేకపోతే నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

డెంటన్ నోబుల్.

ఎలాగూ వచ్చాను కదా, ఆమె చూసినటువంటిదే ఒకటి చూపించు అన్నాడు. ఫారం ఇచ్చాను. డినైడ్ వస్తుందని, రావాలని ఇచ్చాను. అంత అందమైన చేతిరాత ఈ కౌంటర్ మీద ఇంతవరకూ చూడలేదు. ఒక్క కొట్టివేత లేదు. కౌంటీ గడిలో కౌంటీ పేరే ఉంది. పంపాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ప్రొసీడ్.

అంతేగా మరి. వాడి మీద కోర్టు ఆర్డరుంటే డినైడ్ వచ్చేది. ఆమె రాయలేని ఫిర్యాదు ఏ కంప్యూటర్‌లో ఉంటుంది?

అమ్మను అన్నాను. కారణం అడిగాడు. చెప్పనక్కర్లేదన్నాను. కోపం తెచ్చుకోలేదు. పెన్ను మూత పెట్టి, కౌంటర్ మీద తిన్నగా సర్ది, "పోన్లే, గస్ ఉన్నాడుగా" అని వెళ్ళిపోయాడు.

అదే రోజు, మధ్యాహ్నం 3

గస్‌కి ఫోన్ చేశాను. దయచేసి అమ్మొద్దన్నాను. నవ్వాడు. "మొన్నేమో పెళ్ళాం దొంగ అన్నావు. ఈ వారం మొగుడు దొంగా? వచ్చే వారం వాళ్ళ కుక్క గురించి చెప్తావా తల్లీ?" అన్నాడు. కుక్క లేదు అన్నాను. అర్థం కాలేదు అతనికి. ఫారం ప్రొసీడ్ వచ్చింది, మనిషి మంచివాడు, ఇద్దరం కలిసి చేపలు పడతాం అన్నాడు. గంట క్రితమే అమ్మేశాడట.

అక్టోబర్ 24, గురువారం

జవాబు రాలేదు. పదిహేడుసార్లు చూశాను.

అక్టోబర్ 25, శుక్రవారం

ఇవాళ కూడా రాలేదు. ట్వైలా పదింటికల్లా వచ్చి కౌంటర్ ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆర్విల్ గారిని వెనక గదిలోకి తీసుకెళ్ళి అంతా చెప్పాను. నా ఫోన్లు, గస్, డెంటన్ థాంక్స్ చెప్పడం. ముప్పై ఏళ్ళ లైసెన్సు నీ జాలి మీద పెట్టమంటావా అని అరిచారు. జాలి కాదన్నాను. మరేమిటన్నారు. నేను చెప్పకపోతే వాడికి తెలిసేది కాదు అన్నాను. ఆయన అటూ ఇటూ తిరిగారు. ఆవిడ మనిషి ఎలాంటిదో నీకేం తెలుసు అన్నారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఆయన ఇనప బీరువా తీసి, పిస్టల్ పెట్టె తెచ్చి, నా ముందు పెట్టి, కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయారు. ఇచ్చినవారి సంతకం అన్నచోట నా పేరు రాశాను.

వెళ్ళబోతుంటే ట్వైలాను ఆపి, ఆ ఫోన్ చేసింది నేనే అన్నాను. "తెలుసు. ఆ రోజే నీ ముఖం చదివాను. అదొక్కటే చదవగలను నేను" అంది.

అక్టోబర్ 27, ఆదివారం

చర్చి బయట ట్వైలా చెప్పింది. నిన్న మధ్యాహ్నం డెంటన్ వచ్చాడు. ఈసారి కుర్చీ వేసుకోలేదు. నేరుగా మెట్లు ఎక్కాడు. చొక్కా కింద నడుం దగ్గర ఎత్తుగా ఉంది. ఆమె జాలీ తలుపు వెనక నిలబడింది, పిస్టల్ పట్టుకున్న చెయ్యి కిందికి వేలాడేసి. ఎత్తలేదు. అతను మూడో మెట్టు మీద ఆగాడు. పిస్టల్ వైపు చూశాడు. ఇది వాడడం నీకు వచ్చా అన్నాడు. "దీనికి చదువు అక్కర్లేదు" అందట. అతను కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ తర్వాత మొదటిసారి రాత్రంతా నిద్రపోయానంది. మళ్ళీ వస్తాడు, నాకు తెలుసు, కానీ మెట్ల దాకానే అంది.

అక్టోబర్ 28, సోమవారం, ఉదయం 8:50

ట్వైలా నోబుల్. డినైడ్.

కారణం రాయరు. ఒక్క మాటే. అదే పేరుతో, కేసున్న ఇంకో ట్వైలా నోబుల్ ఎవరైనా ఉందేమో. లేదా నాకు చెప్పనిది ఏదైనా ఉందేమో. తప్పయితే అప్పీలు చేసుకోవచ్చు, దానికో ఫారం ఉంది.

ఇచ్చేశాక డినైడ్ వస్తే షాపు వెంటనే ప్రభుత్వానికి ఫోన్ చేసి చెప్పాలి. వాళ్ళ మనుషులు ఇంటికి వెళ్ళి తుపాకీ తీసుకుంటారు.

ఆర్విల్ గారు లోపలికి వచ్చి, టోపీ తీస్తూ, ఏమైనా వచ్చిందా అని అడిగారు.

ఇంకా లేదన్నాను.